కడుపు పాడై కోలుకుంటున్నారా? మందు, కల్లు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలై కొత్త నీళ్లు వచ్చాయంటే మహబూబ్‌నగర్, నల్గొండ వైపు మెడికల్ షాపుల్లో మోషన్ల గోలీలకు గిరాకీ మొదలైనట్టే. వెంటనే బోనాలు, ఆ తర్వాత దసరా, దీపావళి పోగానే కురుమూర్తి జాతర. రోగమూ దావతూ ఒకే సీజన్‌లో వస్తాయి కాబట్టి గోలీల కవరు చేతికి తీసుకుంటూ, గొంతు తగ్గించి చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ఇవి వేసుకుంటూ తాగొచ్చా?" కౌంటర్ దగ్గర నేను వినే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. డాక్టర్ పొట్ట నొక్కి చూసి చెప్పే మాటకు ఇవి బదులు కావు.

ప్రశ్న: మోషన్లు ఆగిపోయాయి, జ్వరం లేదు. ఇవాళ రాత్రి దావత్‌లో రెండు పెగ్గులు వేసుకోవచ్చా?

వద్దు. మోషన్లు ఆగినంత మాత్రాన పేగు మానినట్టు కాదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. నీళ్లనూ ఉప్పునూ ఒంట్లోకి పీల్చుకునేది, పాలలోని చక్కెరను అరిగించేది ఆ పొరే. అది మళ్లీ తయారవడానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు కూడా. జబ్బు తగ్గాక కూడా కొన్నాళ్లు పాలు తాగితే కడుపు ఉబ్బి గుడగుడమనేది అందుకే. ఆల్కహాల్ వెళ్లి తగిలేది కూడా ఆ పొరకే. పేగును నీళ్లు పీల్చుకోనివ్వదు, దాని కదలిక పెంచుతుంది, పొట్టలో మంట పుట్టిస్తుంది. మూత్రం ఎక్కువ పోకుండా ఆపే హార్మోన్ ఒకటి మెదడు నుంచి వస్తుంది, తాగినప్పుడు అది తగ్గిపోతుంది. అసలే ఒంట్లో నీళ్లు తక్కువున్న మనిషికి పైనుంచీ కిందనుంచీ పోవడం మొదలవుతుంది.

ఇంకో సంగతి. దావత్ అంటే ఒట్టి పెగ్గులే కాదు కదా. సుక్క పక్కన ముక్క ఉంటుంది. బోటి, తలకాయ కూర, పొద్దున వండి రాత్రి దాకా అదే గిన్నెలో ఉన్న మటన్. తెల్లారి మళ్లీ మోషన్లు పెట్టుకుంటే అది సుక్క వల్లో ముక్క వల్లో ఎవరూ తేల్చలేరు.

మరి ఎన్ని రోజులు ఆగాలి? అందరికీ సరిపోయే అంకె ఏదీ లేదు. మామూలు ఫుడ్ పాయిజన్, వైరస్ మోషన్లు అయితే నేను చెప్పేది ఇది: గోలీల కోర్సు అయిపోవాలి, ఇంట్లో అందరూ తినే అన్నం కూర మీకూ పడాలి, మూత్రం లేత రంగులో రావాలి. అప్పటి నుంచి ఇంకో వారం. టైఫాయిడ్‌కు, కామెర్లకు, అమీబా జబ్బుకు ఈ లెక్క చెల్లదు. వాటి గురించి కింద రాశాను.

ప్రశ్న: ఏ గోలీలకు మందు అస్సలు పడదు?

స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూడండి. "నిడజోల్" అని ముగిస్తే జాగ్రత్తపడాలి. మెట్రోనిడజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్, సెక్నిడజోల్ ఇవన్నీ ఆ కుటుంబమే. మన దగ్గర మోషన్లకు చీటీ ఉన్నా లేకున్నా ఇచ్చే జంట గోలీల్లో, అంటే ఓఫ్లాక్సాసిన్‌తోనో నార్‌ఫ్లాక్సాసిన్‌తోనో కలిపి వచ్చే వాటిలో, వీటిలో ఒకటి దాదాపు తప్పకుండా ఉంటుంది. గోలీ ఒకటే కనిపిస్తుంది కాబట్టి లోపల రెండు మందులున్నాయని చాలామందికి తెలియదు. పేరు చివర "ప్రజోల్" అని ఉంటే మాత్రం అది సాధారణంగా గ్యాస్ గోలీ, దాని గురించి ఈ టెన్షన్ అక్కర్లేదు.

నిడజోల్ గోలీ మీద తాగితే కొందరికి మొహం ఎర్రబడి కాలిపోతున్నట్టు ఉంటుంది, గుండె దడదడలాడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు ఆగవు, బీపీ పడిపోతుంది. ఇది అనుకున్నంత తరచుగా జరగదని ఈ మధ్య కొందరు పరిశోధకులు అంటున్నారు. ఆర్నిడజోల్‌తో ఇంకా తక్కువని కూడా చెబుతారు. కావచ్చు. కానీ ఎవరికి జరుగుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు, గుండె జబ్బున్నవాళ్లకు ఒక్కసారి జరిగినా చాలు. అందుకే గోలీలు వాడినన్ని రోజులూ, ఆఖరి గోలీ వేసుకున్నాక ఇంకో 3 రోజులూ చుక్క ముట్టొద్దనే చెబుతాను. ఆల్కహాల్ ఉండే దగ్గు టానిక్కులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్‌లతో సాధారణంగా ఇలాంటి రియాక్షన్ రాదు. రాదు కదా అని తాగడానికి అనుమతి దొరికినట్టు కాదు, సిప్రోఫ్లాక్సాసిన్‌తోనే తల తిరిగేవాళ్లు ఉన్నారు. దవాఖానలో అడ్మిట్ అయి ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే డిశ్చార్జ్ కాగితంలో సెఫోపెరజోన్ పేరు ఉందేమో చూడండి. అది నిడజోల్ కుటుంబం కాకపోయినా రియాక్షన్ అచ్చం అలాగే ఇస్తుంది. ఇక జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, మందు రెండూ లివర్‌కే బరువు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు మందుతో కలిస్తే పొట్టలో పుండు పడి రక్తం కారొచ్చు.

ప్రశ్న: పెళ్లి ఉంది. రెండు రోజులు గోలీలు ఆపి, తాగి, మళ్లీ మొదలుపెడితే?

అలా చేస్తే రెండు విధాలా నష్టమే. గోలీ ఆపిన రోజే దాని ప్రభావం ఒంట్లోంచి పోదు కాబట్టి రియాక్షన్ ఎలాగూ రావచ్చు. సగం చచ్చిన క్రిములు మళ్లీ లేస్తాయి, ఈసారి అదే గోలీకి లొంగకపోవచ్చు.

ప్రశ్న: కల్లు మందు కిందికి రాదు కదా? కడుపుకు సల్లగ ఉంటది అంటారు.

దవాఖానల్లో ఈ సంభాషణ చాలాసార్లు విన్నాను.

"మందు తాగుతారా?"
"అలవాటు లేదు సార్."
"కల్లు?"
"అది రోజూ రెండు సీసాలు."

రెండో ప్రశ్న అడగని డాక్టర్‌కు ఆ రెండు సీసాల సంగతి ఎప్పటికీ తెలియదు. చెట్టు కల్లులో సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అంటే బీరంత. లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలవుతుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటు పెరుగుతుంది. ఈత కల్లయినా తాటి కల్లయినా అంతే. నిడజోల్ గోలీకి బ్రాందీ ఎంతో కల్లూ అంతే. మానుతున్న పేగుకు ఇంకో ఇబ్బంది ఉంది: కల్లును ఎవరూ మరగబెట్టరు. లొట్టి మీద ముసిరే ఈగలు, వడగట్టిన గుడ్డ, కడిగీ కడగని సీసా, కలిపిన నీళ్లు, అన్నీ కలిసే కడుపులోకి పోతాయి. మొన్న మోషన్లు పట్టుకున్నది ఆ దారిలోనే అయినా ఆశ్చర్యం లేదు.

ఇదంతా మంచి కల్లు సంగతి. గౌడన్న చెట్టు దింపి మీ ముందే పోసేది వేరు, దుకాణంలో సీసాలకొద్దీ అమ్మేది వేరు. పాత పాలమూరు జిల్లాలో చెట్లు ఇచ్చేదానికంటే అమ్ముడుపోయేది ఎక్కువని అందరికీ తెలుసు. ఆ తేడాను నీళ్లు, శాకరిన్, మత్తు పొడులు నింపుతాయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం పేర్లు ఎక్సైజ్ కేసుల్లో పదేపదే వినిపించేవే. చెట్టు కల్లు సాయంత్రానికి పుల్లబడి తీరుతుంది. మర్నాటికీ తీపి దిగకుండా ఉన్న సీసా ఏదో మీరే ఆలోచించండి. వాంతులు అవుతున్న మనిషి మత్తులో పడుకుంటే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పొట్టలో పుండుకు కారణమయ్యే బ్యాక్టీరియా కోసం 14 రోజుల కిట్టు ఇస్తారు. అందులో ఉండే క్లారిత్రోమైసిన్ అల్ప్రాజోలం మత్తును ఇంకా పెంచుతుంది. సీసాలో ఏం కలిపారో మీకే తెలియదు, డాక్టర్ లెక్క ఎలా కడతాడు?

ప్రశ్న: రోజూ తాగే అలవాటు. మోషన్లు పట్టుకుని మంచం ఎక్కడంతో తాగుడు ఆగింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. నీరసమేనా?

నీరసం కాకపోవచ్చు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగితే, ఆఖరి గుక్క తాగిన 6 గంటల తర్వాత నుంచి వణుకు, చెమట, గుండె దడ, వికారం, వాంతులు మొదలవుతాయి. మోషన్ల జబ్బులోనూ వాంతులు, నీరసం ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లు ఇదంతా ఆ జబ్బే అనుకుంటారు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మనిషి ఏదేదో మాట్లాడతాడు, లేని మనుషులు గోడ మీద కనిపిస్తారు, దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటాడు. ఆ దశలో దవాఖానకు కాకుండా తాయత్తు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. చికిత్స లేకపోతే దీంతో ప్రాణం పోవచ్చు. మత్తు పొడి కలిసిన కల్లు తాగేవాళ్లకు ఇది ఇంకా మెలిక తిరుగుతుంది. ఆ పొడి ఏదన్న దాన్ని బట్టి ఒకటి రెండు రోజుల్లో రావచ్చు, వారం ఆలస్యంగానూ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరింది ఇలాంటి లక్షణాలతోనే.

ఇంట్లో చేసే వైద్యం తెలిసిందే: "కొంచెం పోయండి, సర్దుకుంటడు." వణుకు ఆగుతుంది, నిజమే. కానీ కడుపులో నిడజోల్ గోలీ ఉంది, ఒంట్లో నీళ్లు లేవు, మింగింది నిలవడం లేదు. దవాఖానలో ఇదే పనిని కొలతతో, గోలీలతో చేస్తారు, రోజురోజుకూ తగ్గిస్తూ పోతారు. కాబట్టి తీసుకుపోండి, ఎంత తాగుతాడో, ఎన్నాళ్ల నుంచో, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో సిగ్గుపడకుండా చెప్పండి.

ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకునేవాళ్లకు ఒక మాట. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషిలో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. బాటిల్ తగిలించే ముందు "ఈయన రోజూ తాగుతాడు, బీ1 ఇచ్చారా?" అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

ప్రశ్న: మోషన్లు తగ్గి నెల దాటింది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, సాయంత్రమైతే జ్వరం. తాగడం వల్లేనా?

అమీబా వల్ల లివర్‌లో చీము గడ్డ కట్టి ఉండొచ్చు. స్కానింగ్ చేయించుకోండి, ఆలస్యం వద్దు. ఈ జబ్బు మన దేశంలో ఎక్కువగా మగవాళ్లకు, అందులోనూ కల్లు, నాటుసారా తాగే నడివయసు వాళ్లకు వస్తుందని డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తున్నారు. మోషన్లు అసలే లేకుండా కూడా రావచ్చు, అందుకే కడుపు జబ్బు అని తట్టదు. దగ్గితే, గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి కుడి భుజం దాకా లాగుతుంది. చికిత్స మెట్రోనిడజోల్‌తోనే, మామూలు మోషన్లకంటే పెద్ద డోసులో. అది అయ్యాక పేగులో దాక్కున్న అమీబాకు వేరే గోలీ కొన్ని రోజులు ఇస్తారు. నొప్పి పోయింది కదా అని ఆ రెండో కోర్సు ఎగ్గొడితే జబ్బు మళ్లీ వస్తుంది. లివర్ పూర్తిగా మానిందని స్కాన్‌లో చూసి డాక్టర్ చెప్పేదాకా తాగుడు మాట ఎత్తొద్దు.

ప్రశ్న: టైఫాయిడ్ అన్నారు. జ్వరం నాలుగో రోజుకే పోయింది.

జ్వరం పోయినా పుండు ఉంటుంది. టైఫాయిడ్ చిన్నపేగు చివరి భాగంలో పుండ్లు పెడుతుంది. సరిగా వైద్యం అందనివాళ్లకు రెండు మూడు వారాలప్పుడు అక్కడ రక్తం కారడం, పేగుకు రంధ్రం పడటం జరుగుతాయి. నయమైందనుకున్నాక ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం తిరగబెట్టడమూ ఉంది. కోర్సు మొత్తం వాడి, ఆపై నెల రోజులు తాగుడుకు దూరంగా ఉంటే మంచిదని నా మాట. మన దగ్గర రెండు రోజుల జ్వరానికే వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని రాసేస్తారు. నమ్మకమైనది రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందు తీసింది.

ప్రశ్న: పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. పసరు కూడా తాగాను. ఇప్పుడు బీరు?

కలుషిత నీళ్ల ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు ముఖ్యం. చాలామందిలో అవి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు పోతుంది. కళ్లు తెల్లబడ్డాయని లివర్ బాగుపడినట్టు కాదు. రక్త పరీక్షలో లివర్ అంకెలు మామూలుకు వచ్చాయని చూసుకుని, ఆ తర్వాత కూడా డాక్టర్ చెప్పినన్ని నెలలు ఆగాలి. బీరుకు మినహాయింపు లేదు.

ప్రశ్న: ఒక క్వార్టర్ బ్రాందీ వేస్తే క్రిములు చస్తాయంటారు.

చేతులకు రాసుకునే శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన బ్రాందీలో ఉండేది 42.8 శాతం, గ్లాసులో నీళ్లు కలిపాక ఇంకా తక్కువ, పొట్టలోకి పోయి పేగుకు చేరేసరికి క్రిమికి అది లెక్కే కాదు. పుండుపడిన పేగుకు మాత్రం మంట తగులుతుంది.

ప్రశ్న: మరి ఏం తాగాలి?

ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి చిక్కగా తాగితే మోషన్లు ఎక్కువవుతాయి, ఇది నేను వారానికోసారైనా చెప్పే మాట. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఆశా వర్కర్ దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. రంగురంగుల డబ్బాల్లో అమ్మే తీపి డ్రింకులు వేరు. అసలు ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశం కూడా ఇచ్చింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి.

ఉప్పేసిన గంజి, పలచటి సల్ల, తైదంబలి, మెత్తటి అన్నం, అరటిపండు మంచివి. పచ్చి పులుసు, మిరపకాయ తొక్కు కొన్నాళ్లు పక్కన పెట్టండి. బీరు కూడా నీళ్లే కదా అనేవాళ్లకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: షుగర్ ఉంది. నాకు వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. సరిగా తినకుండా తాగితే, పైగా ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతుంటే షుగర్ అమాంతం పడిపోతుంది. ఎందుకంటే అవసరానికి చక్కెర తయారుచేసే లివర్‌ను ఆల్కహాల్ ఆపేస్తుంది. మాట ముద్దగా రావడం, తూలడం, చెమటలు చూసి "ఎక్కువైంది, పడుకోనీ" అని వదిలేస్తారు. పడుకోబెట్టకండి, వేలికి గుచ్చి షుగర్ చూడండి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు వాంతులు, మోషన్ల రోజుల్లో ఆ గోలీలే తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. ఆ రోజుల్లో మందు తోడైతే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరుగుతాయి.

ప్రశ్న: తాగేశాను. మళ్లీ మోషన్లు మొదలయ్యాయి. ఎప్పుడు భయపడాలి?

ముందు ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి, నిడజోల్ గోలీ వేసుకుని ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. విరేచనంలో రక్తం, తారులా నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, పొట్ట రాయిలా గట్టిపడటం, 6 గంటలు దాటినా మూత్రం రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, మాట తడబడటం, ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తెల్లారనీ అనుకోవద్దు.

ప్రశ్న: మా ఆయనకు తెలియకుండా తాగుడు మాన్పించే గోలీ పొడిచేసి కూరలో కలుపుతున్నాను. ఇప్పుడు ఆయనకు మోషన్లకు గోలీలు ఇచ్చారు. ఏమన్నా అవుతుందా?

అవుతుందమ్మా. ఆ గోలీ డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. దానికీ మెట్రోనిడజోల్‌కూ పడదు, రెండూ కలిస్తే మతి భ్రమించినట్టు ప్రవర్తించొచ్చు. రెంటి మధ్య రెండు వారాల ఎడం ఉండాలి. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా ఆయన తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, గోలీ ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. ఇవాళ్టి నుంచి కలపడం ఆపి, మోషన్లకు చూసిన డాక్టర్‌కు వెంటనే చెప్పండి. ఆయన ముందు చెప్పలేకపోతే చీటీ తీసుకుని మీరొక్కరే వెళ్లండి, నిడజోల్ కాని వేరే గోలీ రాస్తారు. మెడికల్ షాపులో అడిగినా ఫోన్ చేసి కనుక్కుంటాం. తాగుడు మాన్పించే చికిత్స ఆయనకు తెలిసే జరగాలి, జిల్లా దవాఖానలోని మానసిక వైద్య విభాగంలో చేస్తారు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు.